ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు



పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లకు ఒక చప్పుడు బాగా గుర్తు. మీట నొక్కగానే ఫ్యాను తిరగడం మొదలవుతుంది. ఒకటి రెండు క్షణాల్లో లోపలినుంచి ఒక్క పొట్టి కూత వస్తుంది. యంత్రం తన ఒళ్లు తానే తడిమి చూసుకుంది, అన్నీ ఉన్నాయి, ఇక పని మొదలుపెట్టవచ్చు అని దానర్థం. అదే ఒక పొడుగు కూత, దాని వెనకే రెండు పొట్టి కూతలు వినిపించాయంటే, చాలా బోర్డుల లెక్కలో తెరకు బొమ్మ పంపే భాగం దగ్గర ఏదో తేడా ఉంది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన మొదటి పీసీని బయటపెట్టిన నాటినుంచీ ఈ కూతలున్నాయి. తెరే వెలగనప్పుడు బాధ చెప్పుకోవడానికి యంత్రానికి మిగిలేది గొంతొక్కటే.

ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి ఆ చిన్న స్పీకరు ఉండటం లేదు. దాంతో పాత సామాను కొట్లో కొన్న ర్యామ్, ఎవరో తీసేసిన ప్రాసెసర్, ఇంకెక్కడినుంచో వచ్చిన హార్డ్ డిస్కు బిగించి మీట నొక్కినవాళ్లకు మౌనమే ఎదురవుతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. మెకానిక్కుల మాటల్లో చెప్పాలంటే 'నో డిస్‌ప్లే'. ఆ మౌనం నుంచి యంత్రాన్ని మళ్లీ ఎలా మాట్లాడించాలో తెలియాలంటే తెనాలి దాకా వెళ్లిరావాలి.

తెనాలిలో శుభలేఖలు, కరపత్రాలు, బళ్లకు ప్రశ్నపత్రాలు కూర్చే ఒక డీటీపీ సెంటరుంది. యజమానికి అరవై దాటాయి. ఆయన బల్ల మీద టీవీఎస్ గోల్డ్ కీబోర్డు. మీటలు టకటకలాడుతుంటే తప్ప ఆయనకు టైపు చేసినట్టుండదు. యంత్రంలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అక్షరాలకు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ సంస్థ దానికి కొత్త వెర్షన్ తేలేదు. అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చాలంటే ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ఇరవై ఏళ్ల పని ఆ ఫైళ్లలో ఉంది. 'కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా' అని ఎవరైనా తేలిగ్గా అనేయవచ్చు. తెలుగు నేల మీద ఎన్నో డీటీపీ కొట్లు ఇంకా పాత యంత్రాలనే అంటిపెట్టుకుని ఉండటానికి డబ్బు ఒక కారణమైతే, ఈ ఫైళ్లు రెండో కారణం.

ఆయనది 2011లో అసెంబుల్ చేయించిన యంత్రం. ఇంటెల్ రెండో తరం ఐ3-2100 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. మామూలు పేజీలకు చాలు. ఫొటోలు నింపిన ఫ్లెక్సీ డిజైను తెరిస్తే మాత్రం టీ తాగి వచ్చేదాకా కదలదు. ఏదో ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లు తీసేశారని తెలిసి, పాత సామాను కొట్లో ఒక క్యాబినెట్ బేరమాడి తెచ్చారు. అందులో మూడో తరం ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్‌లు రెండు, ఒక గ్రాఫిక్స్ కార్డు, అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా ఉన్నాయి. సీసీ కెమెరాల రికార్డరులోంచి తీసిన 1 టీబీ డిస్కు కూడా అదే కొట్లో దొరికింది.

ఆదివారం ఒక్కపూటలో అన్నీ మార్చేశారు. మీట నొక్కితే తెర నలుపు.

చిక్కు పడింది అక్కడే. కొత్త భాగం కొన్నప్పుడు అది బాగుందనే నమ్మకంతో మొదలుపెడతారు. పాత భాగానికి ఆ నమ్మకం ఇచ్చేవాళ్లు లేరు. దాన్ని ఎందుకు తీసేశారో, ఎండలో ఎన్నాళ్లుందో, ఏ చేతుల్లోంచి వచ్చిందో తెలియదు. ర్యామ్‌ల జతను ఒకటిగా లెక్కేస్తే ఐదు భాగాలు మార్చారు, ఒక్కోటీ బాగుండొచ్చు, పాడై ఉండొచ్చు. లెక్క కడితే మొత్తం 32 రకాల పరిస్థితులు. అన్నీ ఒకేసారి బిగిస్తే ఆ 32లో ఏది నిజమో నల్లటి తెర చెప్పదు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఐదు పరీక్షలతో తేలిపోతుంది. పాత భాగాలతో పనిచేసే మెకానిక్కుకు ఉండాల్సిన మొదటి విద్య ఇదే. చేతిలో మల్టీమీటరు, స్క్రూడ్రైవరు ఆ తర్వాతి సంగతి.

సోమవారం ఉదయం వీధి చివర ఉండే మెకానిక్ కుర్రాడు వచ్చాడు. క్యాబినెట్ వైపు చూడకముందే అడిగాడు.

"బాబాయ్ గారూ, మీ పాత భాగాలేవీ పారెయ్యలేదు కదా?"

"లేదురా అబ్బాయ్, ఆ అట్టపెట్టెలోనే ఉన్నాయి."

"అయితే బతికాం. ముందు అవన్నీ ఎక్కడివక్కడ పెట్టేద్దాం."

"మళ్లీ పాతవేనా? మరి నేను కొన్నవి?"

"అవి ఎక్కడికీ పోవు. ముందు మన కాలు గట్టి నేల మీద ఉండాలి."

బోర్డును క్యాబినెట్లోంచి తీసి ఒక అట్టపెట్టె మీద పరిచాడు. అలా తీయడానికి కారణముంది. బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి స్క్రూ రంధ్రం లేని చోట బిగిసి ఉంటే, అది బోర్డు అడుగున టంకానికి తగిలి షార్టవుతుంది. బయట పరిస్తే ఆ అనుమానం ఒకటి తగ్గుతుంది. కొందరు బోర్డు వచ్చిన మెరిసే ప్లాస్టిక్ సంచీ మీదే పెట్టి కరెంటిస్తారు. అది పొరపాటు. స్థిర విద్యుత్తును ఆపడానికి చేసిన ఆ సంచీల్లో కొన్నిటి పైపొర కరెంటును పారనిస్తుంది. ఉత్త అట్టే మేలు.

పాత ప్రాసెసర్, పాత ర్యామ్, పాత ఎస్ఎంపీఎస్, పాత డిస్కు పెట్టి మీట నొక్కితే తెర వెలిగింది. యజమాని ముఖం కూడా వెలిగింది. మరుక్షణంలో విండోస్ గుర్తు వచ్చినట్టే వచ్చి, తెర నీలంగా మారి, యంత్రం మళ్లీ మొదటికొచ్చింది. ఇంకోసారీ అంతే. నిన్నటిదాకా పనిచేసిన డిస్కు, నిన్నటిదాకా పనిచేసిన విండోస్. ఫార్మాట్ కొట్టాల్సిందేనేమోనని ఆయన భయం. ఇలాంటి చోటే చాలామంది నిజంగానే ఫార్మాట్ కొట్టించేసుకుని, ఉన్న ఫైళ్లు పోగొట్టుకుంటారు.

కుర్రాడు నీలం తెర మీది అంకెల్లో చివరి రెండూ చదివాడు. 7బీ. మొదలవ్వాల్సిన డిస్కు విండోస్‌కు అందడం లేదని దానర్థం. మీట నొక్కగానే బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాము బయోస్. అందులోకి వెళ్లి చూస్తే తేదీ 2011 జనవరి 1 చూపిస్తోంది. సంగతి అర్థమైపోయింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత ఘటం ఒకటుంటుంది, పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం కాబట్టే ఆ పేరు. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటే గడియారాన్నీ బయోస్ జ్ఞాపకాన్నీ కాపాడుతుంది. ప్లగ్గు పీకాక ఆ భారం ఈ బిళ్ల మీద పడుతుంది. ఆదివారం భాగాలు మారుస్తున్నంతసేపూ ప్లగ్గు పీకి ఉంచారు. 3 వోల్టులు ఇవ్వాల్సిన ఆ బిళ్ల ఎప్పుడో నీరసించి ఉంది, ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోయి డిస్కుతో మాట్లాడే పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చేసుకుంది. విండోస్ ఎక్కించింది ఏహెచ్‌సీఐలో. కొత్త బిళ్ల వేసి, ఆ ఒక్క సెట్టింగు తిరిగి మారిస్తే పేజ్‌మేకర్ తెరుచుకుంది.

ఈ బిళ్ల పెట్టే తిప్పలు ఇంకొన్ని ఉన్నాయి. తేదీ వెనక్కి పోతే బ్రౌజరులో బ్యాంకు పేజీ గానీ, మెయిల్ గానీ తెరుచుకోదు. భద్రత లేదని హెచ్చరిక వస్తుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు మొదలు, గడువు తేదీలుంటాయి. 2011లో ఉన్నాననుకునే యంత్రానికి ఈనాటి పత్రం ఇంకా పుట్టనే లేదు. వైరస్ అనుకుని హడలిపోయేవాళ్లు ముందు తెర మూలన ఉన్న గడియారం చూసుకోవాలి.

ఇప్పుడు నిలబడ్డానికి గట్టి నేల దొరికింది. ఇక కొన్నవాటిని ఒక్కొక్కటే విచారించాలి.

మొదట ఎస్ఎంపీఎస్. అది సరిగా లేకపోతే మిగతావాటిని కూడా తనతో తీసుకుపోతుంది, అందుకే దానికి మొదటి పీట. దాని ఫ్యాను జాలీలోంచి ఫోను టార్చి వేసి కుర్రాడు లోపలికి చూశాడు. నిలువు డబ్బాల్లాంటి కెపాసిటర్లు, వాటిలో రెండింటి నెత్తులు ఉబ్బి ఉన్నాయి. కెపాసిటరు నెత్తి మీద గీతలు చెక్కి ఉంటాయి. లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరిగితే డబ్బా పేలిపోకుండా ఆ గీతల దగ్గర విచ్చుకోవడానికి ఆ ఏర్పాటు. నెత్తి బల్లపరుపుగా ఉంటే ఫరవాలేదు, బోర్లించిన గిన్నెలా ఉబ్బితే దాని పని అయిపోయినట్టే. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. సుమారు 1999 నుంచి 2007 వరకు తయారైన లక్షల బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల కెపాసిటర్లు ఉబ్బి, కారిపోయాయి. ఆ దెబ్బకు డెల్ సంస్థ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల మరమ్మతుల కోసం 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకోవలసి వచ్చింది. ఆ కాలపు బోర్డు ఎక్కడైనా చవగ్గా కనిపిస్తే కొనేముందు ప్రాసెసర్ చుట్టూ ఉన్న డబ్బాల నెత్తులు చూసుకోవడం మరవకూడదు.

ఆ ఎస్ఎంపీఎస్‌ను పక్కన పెట్టేశాడు. విప్పలేదు. ఈ ఒక్క మాట శ్రోతలు జాగ్రత్తగా వినాలి, ముఖ్యంగా పిల్లలు. 230 వోల్టుల కరెంటు ఎస్ఎంపీఎస్ లోపల దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలవుంటుంది. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అందులో ఉంటుంది. స్క్రూడ్రైవరు పట్టుకున్న చేతికి ఆ సంగతి తెలియదు. డబ్బా విప్పకుండానే చేయగల పరీక్షలు చాలు. 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను ఏదో ఒక నల్ల తీగతో కలిపితే ఎస్ఎంపీఎస్ మొదలవుతుంది. అప్పుడు మల్టీమీటరుతో పసుపు తీగ దగ్గర 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు దగ్గర 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. ఆ హద్దులు దాటితే దాన్ని నమ్మనక్కర్లేదు. బరువు లేకుండా చేసే ఈ పరీక్షలో నెగ్గినా, అసలు పని మీద పడ్డాక తడబడేవీ ఉంటాయి. పెట్టె మీద పెద్దక్షరాలతో 450 వాట్లని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. కింద చిన్నక్షరాల్లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడాలి. 14 ఆంపియర్లని ఉంటే 12తో గుణిస్తే 168 వాట్లే. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. ఇంకో జాగ్రత్త: కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఈ 24 పిన్నుల కనెక్టరే ఉండదు, వాళ్ల పద్ధతి వాళ్లది. అలాంటి యంత్రం ఎస్ఎంపీఎస్ బయటి బోర్డుకు పనికిరాదు.

తర్వాత ప్రాసెసర్. ఐ5-3470 పెట్టగానే మళ్లీ అదే నలుపు. ఆదివారం నాటి దొంగ ఇదేనని తేలింది. సాకెట్ అదే ఎల్‌జీఏ 1155, ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంటుంది, అయినా పలకదు. హెచ్61 బోర్డు 2011 నాటిది, ఐ5-3470 వచ్చింది 2012లో. 32 నానోమీటర్ల రెండో తరానికి రాసిన బయోస్‌కు 22 నానోమీటర్ల మూడో తరం చిప్పు ఎవరో తెలియదు. బయోస్‌ను కొత్తదానికి మార్చాలి. మార్చాలంటే బోర్డు నడవాలి, నడవాలంటే అది గుర్తుపట్టే ప్రాసెసర్ ఉండాలి. కాబట్టి పాత ఐ3 మళ్లీ లోపలికి వెళ్లింది. బోర్డు తయారీదారు సైటు నుంచి సరిగ్గా ఆ మోడల్‌కే, ఆ రివిజన్ నంబరుకే చెందిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి దించి, బయోస్‌లోంచే ఎక్కించాడు. ఆ రెండు మూడు నిమిషాలు కరెంటు పోకూడదు. మధ్యలో ఆగిపోతే బోర్డు మూగబోతుంది. అందుకని పక్క కొట్లోంచి యూపీఎస్ అడిగి తెచ్చుకుని మరీ చేశాడు. ఐ3-2100ని పాతదని ఆదివారం నాడే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ఈ బోర్డుకు ఐ5 ఎప్పటికీ పరిచయమయ్యేది కాదు.

కూలర్ సంగతి ఒక్క ముక్కలో: పాత 775 సాకెట్ కూలరు చూడటానికి 1155 కూలర్ లాగే ఉంటుంది, కానీ బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం ఒకదానికి 72 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 75. బలవంతంగా నొక్కితే బోర్డు వంగుతుంది.

ఈసారి ఐ5 వెలిగింది. ర్యామ్‌ల వంతు వచ్చింది. అసలు కథ ఇక్కడుంది.

4 జీబీ ర్యామ్ ఒకటి మొదటి స్లాట్‌లో పెడితే కనిపించింది. రెండోదాన్ని రెండో స్లాట్‌లో పెడితే కనిపించలేదు. ఎవరైనా రెండోది పోయిందనే అంటారు. కుర్రాడు అనలేదు. రెండింటినీ అటుది ఇటు మార్చాడు. ఈసారి బాగున్న ర్యామ్ కూడా రెండో స్లాట్‌లో కనిపించలేదు, పోయిందనుకున్నది మొదటి స్లాట్‌లో కనిపించింది. అంటే తప్పు ర్యామ్‌ది కాదు, స్లాట్‌ది. స్లాట్‌లో దుమ్మేమైనా ఉందేమోనని ఊది, బ్రష్‌తో తుడిచి చూశాడు. మార్పు లేదు. ఇక అతను స్లాట్‌ను వదిలేసి, దానికి బెత్తెడు దూరంలో ఉన్న ప్రాసెసర్‌ను పైకి తీశాడు.

యజమానికి ఆశ్చర్యం. ర్యామ్ కనిపించకపోతే ప్రాసెసర్ తీయడమేమిటి? ఇంటెల్ 2008 చివరినుంచి తెచ్చిన కొత్త తరాల చిప్పుల్లో ర్యామ్‌ను నడిపించే భాగం బోర్డులోంచి ప్రాసెసర్‌లోకే మారిపోయింది. ర్యామ్ స్లాట్ల తీగలు నేరుగా సాకెట్‌లోకి వస్తాయి. 1155 సాకెట్ అంటే అందులో 1155 పిన్నులు, ఎంతో సన్నవి, బారులు తీరి తల వంచి ఉంటాయి, గాలికి వాలిన వరి చేను లాగా. ఫోను టార్చిని పక్కవాటుగా పెట్టి చూస్తే వెలుతురు వరసలు వరసలుగా మెరుస్తుంది. ఆ మెరుపులో ఒకచోట చుక్క తప్పింది. ఒకే ఒక్క పిన్ను పక్కదాని మీదికి వాలి ఉంది. ఆదివారం ప్రాసెసర్‌ను ఏటవాలుగా దించినప్పుడు మూల తగిలి ఉంటుంది. పాత యంత్రంలో ఒకే ర్యామ్ మొదటి స్లాట్‌లో ఉండేది కాబట్టి ఈ దెబ్బ పొద్దున్నుంచీ బయటపడలేదు. గడియారాలు బాగుచేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం కన్నుకు ఆనించుకుని, సన్నని సూదితో ఆ పిన్నును కొద్దికొద్దిగా వెనక్కి జరిపాడు. పావుగంట పట్టింది. గట్టిగా లాగితే విరిగిపోతుంది, విరిగితే ఇంతే సంగతులు. ప్రాసెసర్ దించి, పాత పేస్ట్ తుడిచి, శనగగింజంత కొత్త పేస్ట్ వేసి, కూలర్ బిగించి మీట నొక్కాడు. 8 జీబీ కనిపించింది.

కనిపించినంత మాత్రాన మంచిదని కాదు. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి రాత్రంతా వదిలేశాడు. అది ర్యామ్‌లోని ప్రతి గదిలోనూ అంకెలు రాసి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోల్చుకుంటూ పోతుంది. పొద్దున వచ్చి చూస్తే తెర మీద మూడు ఎర్ర గీతలు, మూడు తప్పులు. కోట్లాది గదుల్లో మూడే కదా అనుకోవచ్చు. ఆ మూడు గదుల్లో పడింది శుభలేఖలో పెళ్లికూతురి పేరైతే? కాపీ చేస్తుండగా ఒక్క బైటు మారిన ఫైలును డిస్కు నమ్మకంగా అలాగే దాచుకుంటుంది. తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు, ఆరు నెలల తర్వాత ఆ ఫైలు తెరుచుకోదు. ర్యామ్ పరీక్షలో సున్నా తప్ప ఇంకే అంకె వచ్చినా ఆ ర్యామ్‌ను వాడకూడదు. అంచుల్లోని బంగారు పూతను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కొక్కటే విడిగా ఇంకోసారి పరీక్షిస్తే ఒకటి శుభ్రంగా నెగ్గింది, రెండోది మళ్లీ తప్పింది. నెగ్గిన 4 జీబీ, పాత 2 జీబీ కలిపి 6 జీబీతో సరిపెట్టుకున్నారు. చాలామంది పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ అంచులు రుద్దుతుంటారు. తుప్పు వదులుతుంది నిజమే, కానీ పూత అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. ఆల్కహాల్ దొరికేచోట రబ్బరు అక్కర్లేదు.

గ్రాఫిక్స్ కార్డు కథ త్వరగానే ముగిసింది. కుర్రాడు జేబులోంచి చిన్న స్పీకరు తీసి బోర్డు పిన్నులకు తగిలించి, కార్డు పెట్టి మీట నొక్కాడు. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. కార్డు అంచున ఆరు పిన్నుల కరెంటు సాకెట్ ఖాళీగా ఉంది. స్లాట్ నుంచి 75 వాట్లకు మించి రాదు, మిగతాది ఆ సాకెట్ ద్వారా అందాలి, పాత ఎస్ఎంపీఎస్‌కు ఆ కనెక్టరే లేదు. ఐ5-3470లో సొంత గ్రాఫిక్స్ ఉంది, పేజీలు కూర్చే పనికి అది ధారాళంగా సరిపోతుంది. కార్డును పక్కన పెట్టారు. పాత కార్డులు కొనేవాళ్లు ఒక మోసం గురించి తెలుసుకోవాలి. పాతకాలపు కార్డు బయోస్‌ను మార్చేసి కొత్త మోడల్ పేరుతో అమ్మేవాళ్లున్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇలాంటి చాలా కార్డులను పసిగట్టి నకిలీ అని పేరు పక్కనే చూపిస్తుంది.

ఇక సీసీ కెమెరా డిస్కు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తానే ఒక చిట్టా రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి చూస్తే నడిచిన గంటలు 41,000 దాటాయి. ఏడాదికి 8,760 గంటలు. అంటే నాలుగున్నర ఏళ్లకు పైగా రాత్రీపగలూ ఆగకుండా తిరిగిన డిస్కు అది. సీ7 అనే వరసలో అంకె పెరుగుతూ పోతోంది. ఆ వరస డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో వచ్చిన తప్పులను లెక్కపెడుతుంది, చాలాసార్లు దోషం సాటా కేబుల్‌దే. కేబుల్ మార్చగానే ఆ అంకె ఆగిపోయింది. పాత అంకె చెరగదు, పెరగకపోతే చాలు. కానీ సీ5 వరసలో 24 ఉంది. చదవడానికి మొరాయిస్తూ, ఏం చేయాలో డిస్కు ఇంకా తేల్చుకోని సెక్టార్లు అవి. ఆ అంకె చూశాక దాని మీద ఎవరి పనీ పెట్టకూడదు.

ఆ డిస్కులో ఇంకొకటుంది. ఎవరిదో ఒక కొట్టు, కౌంటరు ముందు నిలబడ్డ మనుషులు, డబ్బు లెక్కపెడుతున్న చేతులు, వారాల తరబడి రికార్డింగులు. పాత కంప్యూటర్లలో బ్యాంకు పుస్తకాల స్కాన్‌లు, పిల్లల ఫొటోలు, పాస్‌వర్డులు రాసుకున్న ఫైళ్లు ఇలాగే దొరుకుతుంటాయి. డిలీట్ కొడితే పేరు మాత్రమే పోతుంది, సరుకు అక్కడే ఉంటుంది. కుర్రాడు ఇంకేదీ తెరిచి చూడకుండా డిస్కు మొదటినుంచి చివరిదాకా సున్నాలతో నింపేశాడు. 1 టీబీకి గంటల సమయం పట్టింది. కంప్యూటర్ అమ్మేవాళ్లు, స్క్రాపుకు వేసేవాళ్లు చేయాల్సిన పని అది. వాళ్లు చేయలేదు కాబట్టి కొన్నవాళ్లు చేయాలి.

డిస్కు బదులు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి మాత్రం కొత్తగా కొన్నారు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీ సెకన్లు దాటుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే కాబట్టి ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందదు, దాదాపు సగమే. ఆ సగంతోనే యంత్రం కొత్తదైనట్టు అనిపిస్తుంది. పాత కంప్యూటర్‌కు ఒక్కటే కొనగలిగితే అదే కొనాలి.

విండోస్ సంగతి మిగిలింది. పాత డిస్కులో ఉన్నది 32 బిట్ల విండోస్ 7. దానికి 6 జీబీ ఇచ్చినా 3 జీబీ చిల్లరే వాడుకుంటుంది, పైగా 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దాని బాగోగులు వదిలేసింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న అదే జరిగింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, మూడో తరం చిప్పును లెక్కలోకి తీసుకోదు. అందుకని పాత డిస్కును పేజ్‌మేకర్‌కే వదిలేసి, నెట్ తీగ దాని దరికి రానివ్వకుండా ఉంచారు. ఎస్‌ఎస్‌డీలో లినక్స్ మింట్ ఎక్కించారు. మెయిల్, వాట్సాప్, ఫొటోల పని అటు, శుభలేఖలు ఇటు.

తెనాలి నుంచి ఇలాంటి భాగాల కోసం విజయవాడ దాకానో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకానో వెళ్తుంటారు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఇవే పనులతో బతుకుతున్నాయి. ఆ వీధుల్లో పాత బోర్డు చేతబట్టుకుని నిలబడే కుర్రాళ్లు చేస్తున్నది చిన్న పని కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమే. బాగున్న ప్రాసెసర్ ఒకటి ఇంకో పదేళ్లు పనిచేస్తే ఆ కుప్పలోకి వెళ్లేది అంత తగ్గుతుంది. ఒక ఇంట్లో పిల్లకు టైపు చేసుకోవడానికి యంత్రం దొరుకుతుంది.

బుధవారం సాయంత్రానికి పని ముగిసింది. మీట నొక్కితే జేబు స్పీకరులోంచి ఒకే ఒక్క పొట్టి కూత వచ్చింది. కుర్రాడు తప్పిన ర్యామ్ మీద ఎర్ర మార్కరుతో అడ్డగీత కొట్టాడు, ఎవరూ పొరపాటున మళ్లీ బిగించకుండా. ఉబ్బిన ఎస్ఎంపీఎస్ మీదా ఒక గీత కొట్టాడు. పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డుకు 'ఆరు పిన్నులు కావాలి' అని చీటీ అంటించాడు.

"ఈ పాత ఐ3 నాకిచ్చేయండి బాబాయ్ గారూ, కూలి కింద చూసుకుంటాను."

"దాంతో ఏం చేస్తావురా?"

అతని సంచీలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మూత తీస్తే లోపల మెమ్‌టెస్ట్‌లో నెగ్గిన డీడీఆర్3 ర్యామ్ ఒకటి, డీడీఆర్4 ర్యామ్ ఒకటి, రెండు సాటా కేబుళ్లు, కొత్త సీఆర్2032 బిళ్లలు, ఒక 775 ప్రాసెసర్. ప్రతిదాని మీదా కాగితపు టేపు, టేపు మీద తను పరీక్షించిన తేదీ. ఐ3-2100కి కూడా ఒక టేపు ముక్క అంటించి, 'హెచ్61 పాత బయోస్‌లకు' అని రాసి, ఆ రోజు తేదీ వేసి, అడుగునున్న కాంటాక్టులు ఎక్కడా ఒరుసుకోకుండా స్పాంజీలో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాడు.